నల్లబడ్డ గోరు సరే, మీగాలి మీద ఆ నొప్పి సంగతేంటి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లండి. పరుగు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది, ఇంకో ఐదు వారాల్లో నా ఫస్ట్ హాఫ్ మారథాన్. రాత్రి భోజనం మానేసి ఈ ఎనిమిది నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గాను కూడా. గొడవంతా పాదాలతోనే. కుడి బొటనవేలి గోరు నల్లబడింది, ఊడిపోతుందేమోనని భయంగా ఉంది. లాంగ్ రన్ చేస్తే చాలు మడమ వెనక, వేళ్ల పక్కన బొబ్బలు. పొద్దున్న మంచం దిగగానే ఎడమ మడమ నేల మీద పెట్టలేను, పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. ఇప్పటికి రెండు జతల షూలు మార్చాను. ఒక షాపులో ఫ్లాట్ ఫుట్ అన్నారు, ఇంకో షాపులో కాదన్నారు, ఫ్రెండ్ ఒకడు అసలు షూలే వద్దు ఉత్త కాళ్లతో పరిగెత్తు అంటున్నాడు. ఏ షూ కొనాలో చెప్పండి. అన్నట్టు, రెండు వారాల క్రితం లాంగ్ రన్ 11 నుంచి 16 కిలోమీటర్లకి పెంచాను, అప్పట్నుంచి కుడి మీగాలి మీద ఒకచోట నొక్కితే నొప్పి, లేసులు గట్టిగా కట్టడం వల్లేమో. రన్‌కి ముందు ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఏమీ తెలియట్లేదు.

జవాబు: గోరు గురించి భయపడ్డారు, షూ గురించి అడిగారు, మీగాలి నొప్పిని మాత్రం "అన్నట్టు" అని చివర్లో పడేశారు. నాకు మీ లెటర్‌లో గుండె గుభేలుమన్నది అక్కడే. మిగతావన్నీ చిరాకు పెట్టేవే గానీ కొంప ముంచేవి కావు, అవి ఇంట్లోనే సర్దుకుంటాయి, ఎలాగో కింద చెప్తాను. ముందు ఆ మీగాలి సంగతి తేలేదాకా పరుగు ఆపండి. ఒక వారం తగ్గించి చూస్తా, మెల్లగా పరిగెత్తుతా, అలాంటి బేరాలేం వద్దు. పూర్తిగా ఆపేయండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మీరు రాసినవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. దూరం ఒక్కసారిగా దాదాపు సగం పెరిగింది, నొప్పి అప్పుడే మొదలైంది, అదీ పాదమంతా కాకుండా ఒక్కచోటే ఉంది, రాత్రి తిండి మానేసి బరువు బాగా తగ్గారు, పైగా నొప్పి తెలియకుండా మాత్ర వేసుకుని అదే కాలి మీద పరిగెత్తుతున్నారు. ఇవన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే ఎవరికైనా ముందు తట్టేది స్ట్రెస్ ఫ్రాక్చర్. అంటే పడటం, దెబ్బ తగలడం ఏమీ లేకుండానే, ఎముక కోలుకునే టైమ్ ఇవ్వకుండా అదే పనిగా బరువు పడుతుంటే వచ్చే సన్నటి చీలిక. ఇదేం ఈ కాలపు రన్నర్ల జబ్బు కాదు, 1855లోనే ప్రష్యా (ఇప్పటి జర్మనీ ప్రాంతం) సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టర్ లాంగ్ మార్చ్‌లు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. అది ఎముకలోని చీలిక అని ఆయనకి తెలిసే దారి లేదు, ఎందుకంటే ఎక్స్‌రే అనేదే 1895 దాకా లేదు, ఆ తర్వాత 1897లో గానీ అసలు విషయం బయటపడలేదు.

లేసుల వల్ల కూడా అక్కడ నొప్పి రావచ్చు, మీ అనుమానం మరీ తీసిపారేసేది కాదు. మీగాలి మీదుగా వేళ్లకి వెళ్లే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి, లేసుల కింద నలిగితే నొప్పెడతాయి, కాకపోతే అది కాస్త పొడుగ్గా గీతలా ఉంటుంది, వేళ్లు పైకి లేపితే ఎక్కువవుతుంది, లేసు వదులు చేస్తే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఎముక నొప్పి అలా ఉండదు. కుర్చీలో కూర్చుని కుడికాలు ఎడమ తొడ మీద పెట్టుకోండి. వేళ్ల మొదళ్ల నుంచి చీలమండ వైపుకి ఐదు పొడుగాటి ఎముకలు చర్మం కిందే చేతికి తగులుతాయి. చూపుడు వేలి కొసతో ఒక్కో ఎముక మీదా కొద్దికొద్దిగా నొక్కుకుంటూ పైకి రండి, తొందరపడకండి. ఎముక మీద ఒక్క రూపాయి బిళ్లంత చోటులోనే ప్రాణం జివ్వుమంటే, దాని పక్కన పక్కన నొక్కితే ఏమీ లేకపోతే, అది లేసుల పని కాదనే అనుకోండి. ముఖ్యంగా రెండో వేలు, మూడో వేలు ఎముకలు చూడండి, ఎక్కువగా దెబ్బతినేవి అవే. అదే ఇంకా పైకి, చీలమండకి కొంచెం ముందు, మీగాలి గూడులా లేచి ఉండే చోట నొప్పి ఉంటే ఇంకా జాగ్రత్త, అక్కడుండే నావిక్యులర్ అనే చిన్న ఎముకకి రక్తం సరఫరా తక్కువ, చీలితే అతుక్కోవడం చాలా లేటు, నిర్లక్ష్యం చేస్తే ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఒంటికాలి మీద గెంతి చూసుకో, నొప్పి వస్తే ఫ్రాక్చరే అని కొంతమంది చెప్తారు, దయచేసి ఆ పరీక్ష చేయకండి, సగం చీలింది కాస్తా పూర్తిగా చీలొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు ఎక్స్‌రే తీస్తారు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం మామూలే, ఎముక అతుక్కోవడం మొదలయ్యాక చుట్టూ కొత్త ఎముక కాస్త పేరుకుంటేనే అది కనిపిస్తుంది. కాబట్టి ఎక్స్‌రే క్లియర్ అన్నారని ఆ సాయంత్రమే షూ వేసుకోకండి, నొక్కితే నొప్పి ఉందా లేదా అన్నదే మీకు గుర్తు. ఎమ్మారైలో అయితే మొదట్లోనే తెలిసిపోతుంది, అవసరమా అని మీరే అడగండి. ఇంకో విషయం, బరువు తగ్గిన సంగతి, భోజనం మానేసిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, పీరియడ్స్ లేటవడం, ఆగిపోవడం లాంటిదేమైనా ఉంటే అది కూడా. పరిగెత్తే ఒంటికి సరిపడా తిండి పడకపోతే శరీరం ముందు కోత పెట్టేది హార్మోన్లలోనూ ఎముకల్లోనూ. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు, ఆడవాళ్లకే కాదు మగవాళ్లకీ వస్తుంది. విటమిన్ డి, కాల్షియం కూడా చూపించుకోండి, కానీ తిండి మానేసి మాత్రలు మింగితే లాభం లేదు. బరువు తగ్గడం, హాఫ్ మారథాన్‌కి ట్రైనింగ్, ఈ రెండూ ఒకేసారి పెట్టుకోవడం నాకు మొదట్నుంచీ నచ్చని విషయం. రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి.

పెయిన్ కిల్లర్ గురించి రెండు ముక్కలు. నొప్పి తగ్గడానికి వేసుకోవడం వేరు, నొప్పి తెలియకుండా పరిగెత్తడానికి వేసుకోవడం వేరు. ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని, చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గిపోతుండగా గంటల తరబడి పరిగెత్తితే కిడ్నీల మీద భారం పడుతుంది, కడుపులో కూడా తేడా చేస్తుంది. పైగా ఆగమని చెప్పే నొప్పి నోరే మూసేస్తున్నారు కదా. రన్‌కి ముందు వేసుకోవడం ఇవాళ్టితో ఆపేయండి.

ఇక ఎడమ మడమ. పొద్దున్న మొదటి అడుగులే నరకం, కాసేపు నడిస్తే సర్దుకోవడం, ఇది అచ్చంగా ప్లాంటర్ ఫాసియైటిస్ లక్షణం. మడమ ఎముక అడుగు నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఒక మందపాటి పట్టీ ఉంటుంది, దాని మొదట్లో వచ్చే నొప్పి ఇది. ఒక్కటి మాత్రం చూసుకోండి, మడమని రెండు వైపుల నుంచీ అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కండి, అప్పుడు నొప్పి వస్తే అది కూడా ఎముక వ్యవహారమే కావచ్చు, డాక్టర్‌కి రెండు కాళ్లూ చూపించండి. అడుగున బొటనవేలితో నొక్కితేనే నొప్పి అయితే కంగారు పడక్కర్లేదు, టైమ్ పడుతుంది గానీ చాలామందికి ఏడాది లోపు పూర్తిగా తగ్గిపోతుంది. ఎక్స్‌రేలో మడమకి ముల్లులా ఎముక పెరిగింది అని చెప్పి భయపెడతారు, అలాంటి ముల్లు అసలు నొప్పే లేని బోలెడంత మందికి ఉంటుంది. ఇంజెక్షన్ ఇప్పించుకో అని ఎవరైనా అంటే మాత్రం ఆగండి, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికే రావచ్చు, ఆ పట్టీ తెగే రిస్క్ కూడా కొంత ఉంది, అది చివరి మాట అవ్వాలి గానీ మొదటిది కాదు.

దీనికి నేను ముందు చెప్పేది ఎక్సర్‌సైజే. టవల్ ఒకటి గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టండి, వేళ్లు ఆ చుట్ట మీద పైకి వంగి ఉండేలా ఎడమ పాదం ముందు భాగం దాని మీద ఆనించండి, మడమ గాల్లో ఉంటుంది. గోడ పట్టుకుని మూడు సెకన్లలో పైకి లేవండి, పైన రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో మెల్లగా కిందికి. పన్నెండుసార్లు, అలా మూడు విడతలు, రోజు విడిచి రోజు. మీ కుడికాలు ప్రస్తుతం నమ్మకం లేదు కాబట్టి ఎడమ కాలితోనే, ఒంటికాలి మీద కష్టమైతే చేతుల మీద బరువు ఎక్కువ వేయండి గానీ కుడికాలిని సాయం తెచ్చుకోకండి. చేసేటప్పుడు పదికి మూడు పాళ్లు నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాడు పొద్దున్నకి మామూలు కన్నా ఎక్కువైతే మాత్రం తగ్గించాలి. దీంతో పాటు పిక్కలు సాగదీయడం, మంచం పక్కనే మెత్తటి చెప్పులు పెట్టుకుని దిగగానే అవి వేసుకోవడం, గట్టి నేల మీద ఉత్తకాళ్లతో తిరగకపోవడం. రెండు వారాలు చేసి ఏం తగ్గలేదని మానేస్తారు అందరూ, దీనికి నెలలు పడుతుంది, ముందే చెప్తున్నా.

గోరు. షూ ముందు భాగానికి వేలు కొట్టుకుని కొట్టుకుని గోరు కింద రక్తం గడ్డకట్టింది, అంతే. నొప్పి లేకపోతే ముట్టుకోకండి. విపరీతమైన సలుపు ఉంటే మాత్రం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తారు, ఇంట్లో సూది కాల్చి పొడుచుకోకండి, గోరుచుట్టు మీద రోకలిపోటు అవుతుంది. ఊడితే ఊడనివ్వండి, లాగకండి, కింద కొత్త గోరు తోసుకుంటూ వస్తుంది, బొటనవేలికి పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మీ గోటి మీద ఆ నల్లటి మచ్చ నెలలు గడిచేకొద్దీ గోరుతో పాటే ముందుకి జరుగుతుండాలి. జరక్కుండా అక్కడే ఉంటే, దెబ్బేమీ లేకుండా నల్లచార వస్తే, గోరు మొదట్లో చర్మం కూడా నల్లబడితే స్కిన్ డాక్టర్‌కి చూపించాలి, ఎప్పుడో అరుదుగా అది మెలనోమా అనే క్యాన్సర్ అవుతుంది. సింగర్ బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది అదే, ముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. మీది అది అని కాదు, గోరు జరుగుతోందా లేదా చూసుకోమని అంతే. గోళ్లు ఎప్పుడూ అడ్డంగా తిన్నగా కత్తిరించండి, మూలల్లోకి లోతుగా తవ్వితే అవి మాంసంలోకి పెరుగుతాయి.

షూ ముందు వేలు కొట్టుకోవడానికి రెండే కారణాలు, షూ పొట్టిదైనా అవ్వాలి, పాదం లోపల ముందుకి జారుతున్నా అవ్వాలి. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి, అన్నిటికన్నా పొడుగున్న వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, కొంతమందికి రెండో వేలే పొడుగు, అది మర్చిపోతారు. రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్దదానికి సరిపోయేది తీసుకోవాలి, అది కూడా సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే సాక్స్ వేసుకుని, ఎందుకంటే పొద్దుటికీ సాయంత్రానికీ పాదం ఉబ్బుతుంది, లాంగ్ రన్‌లో ఇంకా ఉబ్బుతుంది. ఇక జారడం సంగతి. షూ పైన చివర్లో, చీలమండ దగ్గర, ఎవరూ వాడని ఒక కన్నం అదనంగా ఉంటుంది చూడండి, అది ఊరికే పెట్టింది కాదు. లేసుని ఆ పక్క కన్నంలోకే బయట నుంచి లోపలికి గుచ్చి, బయట చిన్న లూప్ మిగిలేలా వదలండి, రెండో వైపూ అంతే. ఇప్పుడు ఎడమ లేసు కొసని కుడి లూప్‌లోంచి, కుడిది ఎడమ లూప్‌లోంచి దూర్చి, కిందికి లాగి బిగించి ముడేయండి. మడమ వెనక్కి అతుక్కుపోయినట్టు ఉంటుంది, ముందు వేళ్ల దగ్గర మాత్రం లేసు వదులుగానే ఉంచుకోవచ్చు. మీ కుడి షూకి మాత్రం ఇప్పుడు నడకకి వేసుకున్నా సరే, నొప్పి ఉన్న చోటు మీదుగా లేసు అడ్డంగా పోకుండా ఆ కన్నం వదిలేసి పైదాన్లోకి ఎక్కించండి.

బొబ్బలకి కూడా సగం మందు ఈ లేసు ముడే, మడమ జారకపోతే ఒరుసుకోవడమే తగ్గిపోతుంది. చర్మం చెమ్మగా ఉన్నప్పుడు రాపిడి ఎక్కువ, అందుకే కాటన్ సాక్స్ పనికిరావు, చెమటని పట్టుకుని కూర్చుంటాయి, సింథటిక్‌వో ఊలు కలిసినవో వాడండి, వేళ్ల మధ్య బొబ్బలొస్తుంటే వేళ్ల సాక్స్ ట్రై చేయండి, చూడ్డానికి కామెడీగా ఉంటాయి గానీ పని చేస్తాయి. వాజలైన్ మొదట్లో జారుడుగా ఉండి బాగానే పనిచేస్తుంది, గంటలు గడిచేసరికి ఆ పని తగ్గిపోతుంది. ఎప్పుడూ ఒకే చోట బొబ్బ వస్తుంటే రన్‌కి ముందే అక్కడ సర్జికల్ పేపర్ టేప్ ముడతలు లేకుండా అంటించడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

వచ్చేసిన బొబ్బ చిన్నదై నొప్పి లేకపోతే వదిలేయండి. పెద్దదై నడవనివ్వకపోతే చేతులూ కాలూ సబ్బుతో కడుక్కుని, కొత్త సూదిని స్పిరిట్‌తో తుడిచి, బొబ్బ నడి మీద కాకుండా కింది అంచున రెండు మూడు చోట్ల పొడవండి, శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమితే నీరు కారిపోతుంది. పైన చర్మాన్ని మాత్రం పీకకండి, దానికన్నా మంచి బ్యాండేజ్ ఏ కంపెనీ చేయలేదు. పైన అంటుకోని డ్రెస్సింగ్ వేసి వదిలేయండి. చుట్టూ ఎర్రబడి పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్. షుగర్ ఉన్నవాళ్లు, పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు అసలు బొబ్బ జోలికి వెళ్లకూడదు, ఇది ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం చెప్తున్నా.

మీరు అడగలేదు గానీ వేళ్ల సందులు కూడా ఒకసారి చూసుకోండి, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య తెల్లగా నాని పొరలు లేస్తూ దురద ఉంటే ఫంగస్. క్లోట్రిమజోల్ గానీ టెర్బినాఫిన్ గానీ ఒక్కటే ఉన్న క్రీమ్ వాడాలి, స్టెరాయిడ్ కలిపినవి రెండు రోజుల్లో దురద తగ్గించి లోపల ఫంగస్‌ని పెంచుతాయి. దురద పోగానే ఆపకుండా డబ్బా మీద రాసినన్ని రోజులూ వాడండి. స్నానం తర్వాత వేళ్ల సందులు తుడుచుకోవడం, తడిసిన షూలు పూర్తిగా ఆరాకే మళ్లీ వేసుకోవడం, అంతే ఇంకేం లేదు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్న, ఏ షూ. ఫ్లాట్ ఫుట్‌కి ఒక షూ, గూడు ఎక్కువున్న పాదానికి ఇంకో షూ అనే లెక్కని 2009, 2010 ప్రాంతాల్లో అమెరికా సైన్యంలో చేరిన వేలమంది మీద పరీక్షించి చూశారు, పాదం చూసి షూ ఇచ్చినవాళ్లకీ అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఆ రెండు షాపుల వాళ్లలో ఎవరు కరెక్టో తేల్చుకోవాల్సిన పనే లేదు. సైజు పైన చెప్పినట్టు చూసుకుని, వేసుకుని కాసేపు పరిగెత్తి, ఎక్కడా కరవకుండా హాయిగా ఉన్నది తీసుకోండి. 500 నుంచి 800 కిలోమీటర్లు పరిగెత్తాక మార్చండి. రెండు జతలు ఉన్నాయి కాబట్టి మూడోది ఇప్పుడు అక్కర్లేదు, అవి పొట్టివైతే తప్ప.

మీ ఫ్రెండ్‌కి ఇథియోపియా రన్నర్ అబేబె బికిలా గుర్తొచ్చి ఉంటాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్లతో మారథాన్ గెలిచాడు, టైమ్ 2:15:16. అదే బికిలా 1964లో టోక్యోలో షూలు వేసుకుని 2:12:11కి గెలిచాడు, ఈ సగం ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి అలవాటున్న పాదాలు వేరు. మామూలు షూల నుంచి పల్చటి షూలకి పది వారాల్లో మారిన రన్నర్లకి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా పాదం ఎముకల్లో వాపు కనిపించిందని 2013లో ఒక స్టడీ వచ్చింది. ఎముక మీద అనుమానం ఉన్న మీకు ఈ సలహా ఇచ్చినాయన్ని ఏమనాలో తెలియట్లేదు.

షూ మీద పెట్టే ధ్యాసలో సగం దూరం మీద పెట్టండి. వారానికి పది శాతం మించి పెంచకూడదు అని అందరూ చెప్పే రూల్‌కి పెద్ద ఆధారం లేదు గానీ, 2025లో ఐదువేల మందికి పైగా రన్నర్లని గమనించిన స్టడీలో తేలింది ఏంటంటే, వారం మొత్తం కన్నా ఒక్క రన్‌లో చేసే దూకుడే ప్రమాదం, గత 30 రోజుల్లో చేసిన పొడుగాటి రన్ కన్నా పది శాతం దాటి ఒకేసారి వెళ్తే గాయాలు ఎక్కువయ్యాయి. ఆ లెక్కన 11 తర్వాత మీరు వెళ్లాల్సింది 12కి. పాదాల చిన్న కండరాలకి ఎక్సర్‌సైజులు కూడా ఉన్నాయి, వేళ్లు ముడవకుండా అరికాలి గూడుని పైకి లాగి పట్టుకోవడం, వేళ్లతో టవల్ దగ్గరికి లాక్కోవడం లాంటివి. బ్రెజిల్‌లో 118 మంది రన్నర్లతో ఏడాదిపాటు చేయించి చూస్తే, చేయనివాళ్లకి గాయాలయ్యే అవకాశం రెండున్నర రెట్ల దాకా ఉంది, 2020లో వచ్చింది ఇది. ఆ ఫలితం కనిపించడానికి నెలలు పట్టింది, ఈ రేస్‌కి ఉపయోగపడదు, పరుగు మళ్లీ మొదలుపెట్టేటప్పటికి మాత్రం అలవాటు చేసుకోండి.

రేస్ సంగతి దాచడం ఎందుకు, అది నిజంగా స్ట్రెస్ ఫ్రాక్చర్ అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు, నావిక్యులర్ అయితే ఇంకా ఎక్కువ, అంటే ఐదు వారాల్లో హాఫ్ మారథాన్ కుదరదు. డాక్టర్ ఎముక బాగానే ఉంది అంటే, వారం పాటు నొప్పి లేకుండా గంటసేపు నడవగలిగాక, నడకా పరుగూ కలిపి మొదలుపెట్టండి, అప్పుడు కూడా రేస్‌లో నడుస్తూ పూర్తి చేయడానికే ప్లాన్ చేసుకోండి, టైమ్ గురించి ఆలోచించకండి. ఈలోపు దమ్ము పోకుండా ఈత కొట్టొచ్చు, డాక్టర్ సరే అంటే, నొప్పి లేకపోతే సైకిల్ తొక్కొచ్చు. ఎంట్రీని వేరేవాళ్లకి మార్చే వీలుందా, వచ్చే ఏడాదికి జరిపే వీలుందా అని ఆర్గనైజర్లకి ఇవాళే మెయిల్ పెట్టి అడగండి, చాలా రేసుల్లో దానికి చివరి తేదీ ఉంటుంది, అది దాటితే వాళ్లు వినరు.